కట్టని పొయ్యి

నడుమెత్తు అట్టపెట్టె ఒకటి పొద్దున్నే వచ్చి గుమ్మంలో ఇరుక్కుంది. మోసుకొచ్చిన ఇద్దరూ తలుపు ఊడదీయాలన్నారు. ఇంటాయన టేపు తెచ్చి గుమ్మం కొలిచి, పెట్టె కొలిచి, ఊడదీయాల్సింది తలుపు కాదు, అట్ట అని తేల్చాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ లిఫ్టులు బాగుచేసిన మనిషాయన. కొలతల దగ్గర ఆయనతో వాదించి నెగ్గినవాళ్లు ఆ ఇంట్లో లేరు.

“కాయితం మీద కుక్కర్ అని రాసుందటగా, విజిల్ వేస్తుందా ఇది?” అంది ఆయన భార్య వంటింట్లోంచి.

“వేస్తే నువ్వే వెయ్యాలి. నీకోసమేగా ఈ గోలంతా,” అన్నాడాయన.

ఆవిణ్ణి వీధిలో అందరూ రొట్టెలమ్మ అంటారు. వీధి చివర కాఫీ షాపులో పొద్దున దొరికే రొట్టె ఆవిడ చేతిదే. రెండేళ్లుగా ఆవిడ చూపు మధ్యలో చెడింది. పక్కలు కనిపిస్తాయి, నడుమ కనిపించదు. ఎదురుగా నిలబడ్డ మనిషికి చెవులుంటాయి, జుట్టుంటుంది, ముఖం ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు మరక ఉంటుంది. “ఇన్నేళ్లు చూసిన ముఖమేగా, కొత్తగా చూసేదేముంది,” అని మొగుణ్ణి ఆటపట్టించేది. ఏడుపు వస్తే స్నానాలగదిలో ఏడ్చేది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఓసారి గ్యాస్ మంట మసిగుడ్డకి అంటుకుంది. ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. ఇక పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నాడు కొడుకు. ఆస్పత్రిలో నర్సుగా చేసే కోడలు, కాలిన ఒళ్లు ఎలా ఉంటుందో తను రోజూ చూస్తున్నానంది. ఇంటాయన ఏమీ అనలేదు, అంటే ఆయన కూడా అటువైపే అని అర్థం.

“మంటంటే భయమా మీకు? సరే. మంట లేని పొయ్యి కొందాం, నా రొట్టెల డబ్బుతోనే కొందాం. వంట మానమంటే మాత్రం మానను. ఇంకేమైనా ఉందా?” అంది రొట్టెలమ్మ.

అలా వచ్చింది ఆ కరెంటు పొయ్యి. పైన నాలుగు ప్లేట్లు, కింద ఓవెన్, దాని కింద ఒక సొరుగు. గోడలోకో, గట్టులోకో బిగించే పని లేకుండా తన కాళ్ల మీద తాను నిలబడే రకం. “నాలాంటిదే,” అనుకుని ఆవిడ దాన్ని నాలుగు వైపులా తడిమి చూసుకుంది.

ఇంటాయన దానికోసం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత మీటర్ నుంచి విడిగా లావు వైరు లాగించాడు. ఇంకే ప్లగ్గూ ఆ లైను మీద ఉండకూడదన్నాడు. గోడ స్విచ్చు ప్లేట్ల పైన కాకుండా పక్కన పెట్టించాడు. ఏదైనా అంటుకుంటే మంటల మీంచి చెయ్యి చాచాల్సిన గతి పట్టకూడదని ఆయన లెక్క. అన్నీ దగ్గరుండి చేయించాడు గానీ పొయ్యిని గూట్లోకి తోసే వేళకి పంటి డాక్టరు దగ్గరికి టైమైంది. పన్ను అప్పటికే ప్రాణం తోడేస్తోంది.

“వెనకాల పనొకటి మిగిలుంది. పుస్తకంలో బొమ్మతో సహా ఉంది, చూసి చెయ్యి,” అని కొడుక్కి అప్పగించి వెళ్లాడు.

కొడుకు ఇంట్లోంచే కంప్యూటర్ మీద ఉద్యోగం చేస్తాడు. ఒక చెవిలో ఆఫీసు మాట్లాడుతుండగా పొయ్యిని వెనక్కి తోశాడు, ప్లేట్లు వేడెక్కుతున్నాయో లేదో చూశాడు, గోడ స్విచ్చు ఆపాడు. పుస్తకాన్ని ఫ్రిజ్ మీద పెట్టాడు. అప్పుడే తండ్రి ఫోన్ చేశాడు. మత్తు సూదికి సగం నోరు మొద్దుబారిపోయిందేమో, పెద్ద మాటలు ఆయనకి రావడం లేదు.

“కట్టేశావా?”

“ఆఁ, కట్టేశాను నాన్నా.”

“మర్చిపోలేదుగా?”

“ఇప్పుడే కట్టేశానంటున్నాగా!”

పక్కనే ఉన్న రొట్టెలమ్మ కూడా ఆ మాట విన్నది. లైటు కట్టేశావా, ఫ్యాను కట్టేశావా అని రోజుకి పదిసార్లు వినపడే ఇల్లు అది. ఎవరూ ఆలోచించాల్సిన మాట కాదు.

ఆ సాయంత్రం సొరుగు తుడుస్తుంటే ఆవిడ చేతికి ఒక ప్లాస్టిక్ పొట్లం తగిలింది. లోపల చిన్న గొలుసు, ఒక కొక్కెం, రెండు మరలు. “ఇదేమిట్రా?” అని కొడుకుని అడిగింది. వాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా, “ఏదో అదనంగా ఇస్తారమ్మా, అవతల పెట్టు,” అన్నాడు. ఆవిడ దాన్ని చెంచాల డబ్బాలో వేసింది.

కొత్త పొయ్యితో స్నేహం అంత తేలిగ్గా కుదరలేదు. మొదటిరోజు ఓవెన్ ఎంతకీ వేడెక్కలేదు. కొట్టువాణ్ణి తిట్టడానికి కొడుకు ఫోన్ తీసేలోపు, గడియారంలో టైము పెడితే తప్ప అది పని చెయ్యదని పుస్తకం చదివి కోడలు కనిపెట్టింది. మొదటిసారి ఖాళీగా వేడి చేసినప్పుడు కొత్త నూనె వాసన ఇల్లంతా కమ్మేస్తే కిటికీలన్నీ తెరిచి కూర్చున్నారు. ఎక్కడ తిప్పితే ఎంత వేడో చేతికి తెలిసేలా కోడలు గుండ్రటి నాబ్‌ల మీద గోళ్లరంగు చుక్కలు దట్టంగా పెట్టి ఆరబెట్టింది. ప్లేటు ఆపేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుందని చెప్పే ఎర్రదీపం రొట్టెలమ్మకి కనిపించదు. అందుకని అరచెయ్యి జానెడు ఎత్తులో పెట్టి వేడి చూసుకోవడం అలవాటు చేసుకుంది. ఓవెన్ పిడికి గుడ్డలు వేలాడదీయడం ఎవరికీ కుదరదని ఆర్డరు వేసింది. పని కాగానే గోడ స్విచ్చు టక్కుమనేదాకా నొక్కేది. మనవరాలు చల్లటి ఓవెన్ తలుపు తెరిచి కొట్టు ఆట మొదలుపెట్టబోతే మాత్రం, “నా కొట్లో నీ కొట్టేంటే!” అని కేకలేసి తరిమేది. కాఫీ షాపుకి మళ్లీ రొట్టెలు వెళ్లాయి. ఆవిడ మళ్లీ పాటలు పాడుకోవడం మొదలుపెట్టింది, ఎప్పట్లాగే శ్రుతి లేకుండా.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక పొద్దున ప్లేటు మీద పాలు కాగుతున్నాయి, కింద ఓవెన్‌లో రొట్టెలు కాలుతున్నాయి. అటూ ఇటూ తిప్పి పెడదామని రొట్టెలున్న బరువైన రేకును బయటికి లాగి, తెరిచిన తలుపు మీద ఆనించింది. పొయ్యి మొత్తం ముందుకి ఒరిగింది. పైనున్న పాలగిన్నె జారి దబ్బున కింద పడింది. ఆవిడ రేకు వదిలేసి వెనక్కి దూకింది. బరువు తగ్గగానే పొయ్యి ఏమీ ఎరగనట్టు తన చోట తాను నిలబడింది. కాలి మీద వేడి పాలు పడ్డాయి.

“ఊగింది! పొయ్యి ఊగింది!” అని అరిచింది.

కోడలు ఆవిణ్ణి స్నానాలగదిలోకి లాక్కెళ్లి కాలిని కుళాయి కింద పెట్టింది. కొడుకు పరుగున వచ్చి గోడ స్విచ్చు నొక్కాడు. ఇంటాయన గుమ్మంలోంచి అడిగాడు.

“కట్టేసి ఉందా అది?”

“ఆఁ, కట్టేసే ఉంది నాన్నా,” అన్నాడు స్విచ్చు మీద చెయ్యి తియ్యకుండా.

“అయ్యో, ఊగిందంటుంటే! నా చేత్తో పట్టుకునే ఉన్నాను!” అని రొట్టెలమ్మ కుళాయి దగ్గర్నుంచి గొంతు చించుకుంది.

“కట్టేసి ఉన్నది ఎలా ఊగుతుందే? గిన్నె అంచున పెట్టి ఉంటావు. నీకు కనపడలేదు, అంతే,” అన్నాడాయన మెల్లగా. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. కోపమైతే ఆవిడ తిప్పికొట్టేది. జాలికి ఏమనాలో ఆవిడకి తోచలేదు.

ఆ పూటే మీటర్ దగ్గర పొయ్యి లైను దించేసి ఆయన పెట్టెకి తాళం వేశాడు. అది చాలదన్నట్టు కొడుకు కాఫీ షాపుకి ఫోన్ చేసి అమ్మ ఇక రొట్టెలు మానేసిందని చెప్పేశాడు. ఆవిడ పక్క గదిలో మంచం మీద కట్టుకట్టిన కాలు చాపుకుని ఉంది. అన్నీ విన్నది.

“నేను మానేశానని ఎవర్రా చెప్పింది నీకు?”

“అమ్మా, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. రేపు దాని మీద పడితే?”

“నేనేమన్నా నెత్తిన పోస్తానట్రా దానికి? ఊగిందని చెప్పాను. ఒక్కరైనా వంగి చూశారా?”

“నాన్న అడిగారు, చూశాను. సరిగ్గానే ఉంది,” అన్నాడు వాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు, అదే వచ్చిన చిక్కు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ కూడా ఆవిడ మొగుడి మాటే చెవుల్లో తిప్పుకుంటోంది. కట్టేసి ఉన్నది ఎలా ఊగుతుంది. ఇదేం మాట? స్విచ్చు కట్టేస్తే మాత్రం పొయ్యి ఊగకపోవడమేమిటి? కరెంటుకీ ఊగడానికీ సంబంధమేమిటి? ఈయన తలతిక్క మాటలు మాట్లాడే మనిషి కాదే! అప్పుడు చటుక్కున చెంచాల డబ్బాలో పడేసిన గొలుసు పొట్లం గుర్తొచ్చింది. ఆవిడ చేతిలోని కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేసింది.

వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యి కింది సొరుగు మొత్తం బయటికి లాగేసింది. నేల మీద బోర్లా పడుకుని, చెంప టైలుకి ఆనించి, సొరుగు ఖాళీలోంచి భుజం దాకా చెయ్యి పోనిచ్చింది. దుమ్ము తగిలింది, పాత బఠానీ గింజ తగిలింది, చల్లటి గోడ తగిలింది. గోడకి రంధ్రం లేదు, కొక్కెం లేదు. చెయ్యి పైకి తిప్పి పొయ్యి వీపు తడిమింది. గొలుసు తగిలించాల్సిన ఇనుప చెవి ఒకటి ఉంది. దానికేమీ తగిలించి లేదు.

డ్యూటీకి బయల్దేరబోతున్న కోడలు లోపలికి తొంగిచూసి కెవ్వుమంది. “అత్తయ్యా! ఏమండీ, మావయ్యా, రండి! అత్తయ్య పడిపోయారు!”

“పడలేదు. పడుకున్నాను,” అంది రొట్టెలమ్మ నేల మీంచి.

తండ్రీ కొడుకులు ఉరుక్కుంటూ వచ్చారు. కొడుకు భుజాలు పట్టుకుని లేపబోయాడు.

“చెయ్యి తియ్. నేను లేవను.”

“లేవకపోవడమేంటమ్మా!”

“ఈ ఇంట్లో నిలబడి చెప్పిన మాట ఎవరూ వినలేదు. పడుకుని చెప్తాను, వింటారేమో. ఇది కట్టలేదు.”

“మీటర్ దగ్గరే కట్టేశాను కదే. చుక్క కరెంటు కూడా రాదు దానికి,” అన్నాడు ఇంటాయన.

“అయ్యో రామా! కరెంటు కాదండీ. పొయ్యి కట్టలేదు.”

“కరెంటే లేకపోతే ఇంకా పొయ్యి కట్టేదేంటమ్మా?” అన్నాడు కొడుకు. అమ్మకి కళ్లతోపాటు ఇంకేదో కూడా చెడుతోందన్నట్టు పెళ్లాం వంక చూశాడు. ముఖాలు కనిపించకపోయినా ఆ చూపు ఎటు తిరిగిందో రొట్టెలమ్మకి తెలిసింది.

“నోరు మూసుకుని నేనడిగినదానికి చెప్పండి ఇద్దరూ. ఏవండీ, పన్ను పీకించుకున్న రోజు ఫోన్ చేసి కట్టేశావా అన్నారే, ఏం కట్టమని?”

“గొలుసు! ముందుకి ఒరక్కుండా వెనక గోడకి గొలుసు కట్టమని. పుస్తకంలో ఉందని చెప్పి మరీ వెళ్లాను.”

“నువ్వేం కట్టేశావురా?”

కొడుకు చూపు గోడ స్విచ్చు మీదికి వెళ్లింది.

“నిన్నే.”

“స్విచ్చు,” అన్నాడు వాడు, వినీ వినపడకుండా.

“మరి నిన్న కట్టేసి ఉందా అంటే?”

“స్విచ్చే అనుకున్నానమ్మా.”

ఇంటాయన పొయ్యి దగ్గరికి వచ్చాడు. వంగి ఓవెన్ తలుపు తెరిచి, రెండు చేతులూ దాని మీద వేసి, కొంచెం బరువు ఆనించాడు. పొయ్యి వెనక కాళ్లు నేల వదిలి లేచాయి. ఆయన చప్పున చేతులు తీసేశాడు.

కోడలు కూలబడిపోయింది. “పాప ఆ తలుపు మీద ఎక్కి కూర్చోబోయేది మావయ్యా,” అంది. “కొట్టు ఆట అనేది. అత్తయ్య ఎన్నిసార్లు తరిమారో. చిన్నపిల్ల మీద ఎందుకంత విసుక్కుంటారని నేను లోపల్లోపల తిట్టుకున్నాను.” ఇంక ఏడుపు ఆపుకోలేకపోయింది.

రొట్టెలమ్మ అప్పుడు లేచి కూర్చుంది. చెంపకి టైలు గీత అచ్చు పడింది, జుట్టు నిండా దుమ్ము. కోడలి వీపు మీద చెయ్యి వేసి నిమిరింది గానీ, గొంతు మాత్రం దించలేదు.

“పొరపాటు ఎవరైనా చేస్తారు. మాట ఒకటే, అర్థం రెండు. దానికి నేను మిమ్మల్ని ఏమీ అనను. కానీ ఊగిందని నేను చెప్తే, మీరు వాణ్ణి అడిగారు. వాడు స్విచ్చుని అడిగాడు. దాన్ని చేత్తో పట్టుకున్నదాన్ని నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నాకు చూపు పోయింది, ఒప్పుకుంటాను. నా మాట కూడా పోయిందని ఎవరు చెప్పారు మీకు?”

“నిన్ను నమ్మక కాదే,” అన్నాడు ఇంటాయన. “భయం. నువ్వా పొయ్యి ముందు నిలబడ్డంతసేపూ నాకు ఊపిరాడదు.”

“భయం మీది. శిక్ష నాకెందుకు వేశారు?”

కొడుకు తల్లి పక్కన నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ పట్టుకోనివ్వలేదు.

“ముందు కాఫీ షాపుకి ఫోన్ చెయ్యి. మానేసిందని చెప్పిన ఆ నోటితోనే, మానలేదట, మాదే బుద్ధి తక్కువని చెప్పు.”

“బుద్ధి తక్కువని కూడా చెప్పాలా?”

“అదే ముందు చెప్పు.”

వాడు అలాగే చెప్పాడు. అవతలివాడు పగలబడి నవ్వడం అందరికీ వినిపించింది. అప్పుడు ఆవిడ తనే చెయ్యి చాపింది, వాడు ఆ చేతిని కళ్లకి ఆనించుకున్నాడు. కోడలు ఆస్పత్రికి ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానని చెప్పి, ముక్కు చీదుకుంటూ నేల ఊడవడం మొదలుపెట్టింది.

చెంచాల డబ్బాలోంచి పొట్లం బయటికి వచ్చింది. ఇంటాయన గోడకి రంధ్రం వేసి కొక్కెం బిగించాడు. కొడుకు టార్చి పట్టుకున్నాడు, పుస్తకం ఈసారి మొదటి పేజీ నుంచి చదివాడు. పొయ్యి వీపుకి వైరు తగలకుండా పక్కకి సర్ది, గొలుసు తగిలించి, లోపలికి తోశారు. ఇంటాయన తలుపు మీద మళ్లీ బరువు ఆనించాడు. పొయ్యి కదల్లేదు.

“చూసుకో,” అన్నాడు పెళ్లాంతో.

ఆవిడ రెండు చేతులతో లాగి చూసింది. నాలుగు మూలలా అరచేతులు ఆనించి ఒక్కొక్క మూలనే నొక్కింది. ఒకచోట ఆగి మళ్లీ నొక్కింది.

“ముందు కుడికాలు నేలకి ఆనలేదండీ.”

కొడుకు వాలు చూసే రసమట్టం తెచ్చి ప్లేట్ల నడుమ పెట్టాడు. “లేదమ్మా, బుడగ సరిగ్గా మధ్యలోనే ఉంది.”

ఇంటాయన బుడగని చూశాడు. జీవితమంతా ఆయన దాని మాటే నమ్మాడు. తర్వాత పెళ్లాం చేతిని చూశాడు. అది ఆ మూల మీదే ఉంది, ఎక్కడికీ జరగలేదు.

“అది తియ్యరా అక్కణ్నుంచి,” అన్నాడు. స్పానర్ తీసుకుని, నొప్పి మోకాళ్ల మీద కష్టంగా వంగి, కుడికాలు పట్టుకున్నాడు. “ఎంత తిప్పాలో చెప్పు.”

“ఇంకొంచెం.”

“చాలా?”

“ఇంకొక్క పిసరు. ఆఁ. ఇప్పుడు ఆనింది.”

ఆయన స్పానర్ కింద పెట్టాడు గానీ లేవలేదు.

“ఏడవకండి,” అంది రొట్టెలమ్మ.

“నేనేం ఏడవట్లేదు.”

“మీ ముఖం కనబడదు. మీ ముక్కు వినబడుతోంది.”

కోడలు ఏడుపులోంచే నవ్వింది. ఇంటాయన కళ్లు తుడుచుకుని, పెళ్లాం చెయ్యి ఆసరాగా పట్టుకుని లేచాడు. మీటర్ పెట్టె దగ్గరికి వెళ్లి తాళం తీసి, లైను ఎక్కించి వచ్చాడు. ఆ తాళాన్ని ఏం చెయ్యాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని, కొడుకు చేతిలో పెట్టి, బయట పారెయ్యమన్నాడు.

“స్విచ్చు వెయ్యనా?” అని అడిగాడు.

“అక్కర్లేదు,” అంది రొట్టెలమ్మ. “నేను వేసుకుంటాను.”